పాటనుండి పాకమునకు



గడచిన మాసమున ఈ శీర్షికకు వచ్చిన జాబులలో ఒకటి నన్ను చాలదినములు విడువలేదు. వ్రాసినామె పేరుగాని ఊరుగాని ఇచ్చట చెప్పను, ఆమెయే వలదన్నది. ఆమె కొమార్తె ఎనిమిదవయేట వీణ చేపట్టి పదునొకండేండ్లు నేర్చినదట. గురువుగారు మెచ్చిరట, సభలలో రెండుమూడు మారులు వాయించినదట. ఇప్పుడా పిల్ల వీణను గోడకు జేర్చి, "వంట నేర్చుకొందును, పదిమందికి వండిపెట్టుదును, టెలివిజనులో వంటలు చూపుదును" అనుచున్నదట. "పదునొకండేండ్ల విద్య పొయ్యిలో బెట్టినట్లే గదా! వంట నేర్చుటకు వేరొక చోటేల? నా వంటయిల్లు చాలదా?" అని తల్లి దుఃఖము. జాబు అడుగున, కాగితములో చోటు చాలక కాబోలు, చిన్న యక్షరములతో మరియొక మాట వ్రాసినది: "నేనును పెండ్లికి ముందు పాడుచుంటిని. అత్తవారింట ఎవ్వరును వలదనలేదు. కాని ఎప్పుడు మానితినో నాకే తెలియదు."

పైన వ్రాసిన రెండుపుటలకు జవాబు చెప్పుట సులభము. ఈ అడుగున వ్రాసినదానికే నాకు వెంటనే మాట దోచలేదు.

సోదరీ, ఊరక ధైర్యము చెప్పుట నాకిష్టము లేదు. మీ అమ్మాయి త్రొక్కదలచిన దారిలో నడచిన ఒక స్త్రీ వృత్తాంతమును చెప్పెదను. ఆమె మన దేశస్థురాలు కాదు, మన భాష ఎరుగదు. ఐనను ఆమె పెద్దల యింట వండుకొనునవి చూచినచో మీకు రాయలసీమలోనో తెలంగాణములోనో ఉన్న చుట్టముల వంటయిల్లు జ్ఞప్తికి రాకమానదు.

ఆమె పేరు ఆండీ ఆలివరు. 1960వ దశకమున లండను నగరమున పుట్టినది. వంశపు వేళ్ళు మాత్రము అట్లాంటిక్ సముద్రమున కావల, వెస్టిండీసు దీవులలో ఒకటియగు ఆంటిగువాలో నున్నవి. ఆ దీవి విస్తీర్ణము 108 చదరపు మైళ్ళు. మన పాత తాలూకాలలో ఒకదానికంటె చిన్నది. ఆంగ్లేయు లచ్చట చెరకుతోటలు వేసి, ఆఫ్రికానుండి మనుష్యులను సంకెళ్ళతో దెచ్చి పని చేయించిరి. వారికి 1834 ఆగస్టు 1వ తేదీన దాస్యవిమోచనము కలిగెను. దీవికి స్వాతంత్ర్యము 1981 నవంబరు 1వ తేదీవరకు రాలేదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినపిమ్మట ఆ ప్రాంతపు దీవులనుండి వేలకొలది కుటుంబములు పని వెదకికొనుచు ఇంగ్లాండునకు ఓడ లెక్కినవి. ఆండీ బాల్యములో కొంతభాగము సఫోకు అను పల్లెపట్టున గడచెను. అచ్చట నల్లవారి యిండ్లు వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును. అట్టిచోట పిల్లలకు తమ పెద్దల దేశమనగా తల్లి గిన్నెమూత తీసినపుడు వచ్చు వాసనయే గదా.

ప్రాయమువచ్చిన తరువాత ఆమె పాటలోనికి బోయెను. 1980లో పుట్టిన రిప్ రిగ్ అండ్ పానిక్ అను ఒక మేళము ఆ కాలమున ఇంగ్లాండులో పేరుపొందినది. రోలండు కిర్కు అను అమెరికా దేశపు వాద్యకారుడు 1965లో చేసిన ఒక రికార్డు పేరే వారు తమ మేళమునకు బెట్టుకొనిరి. వారి సంగీతము మన చెవికి ఇంపుగా నుండునని నేను చెప్పజాలను. జాజు, పంకు అను రెండు విధముల సంగీతములను రోటిలోవేసి దంచినట్లుండును. ఒకప్పుడు తాళము దొరకును, ఒకప్పుడు దొరకదు. ఆ మేళమున ఆమె స్నేహితురాలు నెనె చెర్రీయు, ఆమె సోదరుడు షానును ఉండిరి. షాను మంద్రస్థాయి గిటారు వాయించెడివాడు. 1982లో బి.బి.సి. వారి 'ది యంగ్ వన్స్' అను హాస్యనాటకములో ఈ మేళము కనబడినపుడు పాడినది ఆండీయే. తరువాత అందలివారే ఫ్లోట్ అప్ సీపీ అను క్రొత్తపేరుతో 1985లో ఒక గానసంపుటి వెలువరించి, ఆపై తలయొక దారి పట్టిరి.

ఇట నొక దుఃఖవార్త చెప్పక తప్పదు. షాను మంచి విద్వాంసుడు. టెరెన్సు ట్రెంటు డార్బీ అను గాయకునితో గలసి అతడు కట్టిన 'విషింగ్ వెల్' అను పాట 1987లో వెలువడి, మరుసటి యేడు అమెరికాలో మొదటిస్థానమున కెక్కెను. అతడు 1990లో సికిల్ సెల్ అను రక్తవ్యాధిచేత మరణించెను. ఎఱ్ఱకణములు గుండ్రదనము వీడి కొడవలివలె వంకరబోవు వ్యాధి యిది; తల్లిదండ్రు లిరువురును ఆ లక్షణము మోయువారైనపుడు పుట్టు ప్రతి బిడ్డకును నాలుగింట నొకవంతు భయముండును. మన ఏజన్సీ ప్రాంతములలోని గిరిజనులలోను ఈ వ్యాధి కలదు. దీని నిర్మూలనమునకై భారతప్రభుత్వము 2023లో ఒక ఉద్యమము నారంభించినది. ఆ ప్రాంతములలో ఉపాధ్యాయులుగా నున్నవారి యిల్లాండ్రెవరైన నిది చదివినచో, పెండ్లికి ముందు చేయవలసిన రక్తపరీక్షను గూర్చి నాలుగిండ్లవారికి చెప్పుదురుగాక.

ఆండీకి 1984లోనే కూతురు పుట్టినది. మేళము లేదు, చేత చంటిబిడ్డ యున్నది. మనలో ఎవరికైన నట్టి దశ వచ్చినచో కథ అక్కడితో ముగియును. "అమ్మాయి పాడుచుండెడిది" అని భూతకాలములో చెప్పుకొందుము. ఆమె మాత్రము నోరు మూసికొనలేదు. పాడుట తగ్గినను పలుకుట మానక, రేడియోలోను టెలివిజనులోను కార్యక్రమములు నడుపుటకు బూనెను. ఇంట వండుచునే యుండెను. వంటపాఠశాలలో చదివి పట్టము పుచ్చుకొన్నది కాదు. ఆమె నేర్చినది ఇంటిలో చూచి, వచ్చినవారికందఱకు వండి, చెడగొట్టి, మరల వండి నేర్చినదే. అనగా మీరును నేనును నేర్చినట్లే.

2007లో పాతస్నేహితురాలు నెనెయు ఆండీయు గలసి బి.బి.సి. వారి రెండవ టెలివిజను శాఖలో ఒక వంటల కార్యక్రమము నడిపిరి. ఒకప్పుడు ఒకే మేళమున గొంతు గలిపినవారు ఇప్పుడొకే పొయ్యికడ నిలిచిరి. ఆపై ఆమె లండనులో పెద్దవంటలకు బూనుకొని, 2016లో స్టోక్ న్యూయింగ్టన్ అను పేటలో తనపేరనే ఒక భోజనశాల తెరచెను. 2017లో 'గ్రేట్ బ్రిటిష్ మెనూ' అను పోటీకి న్యాయనిర్ణేతలలో ఒకతెగా కూర్చుండెను. ఇది 2006లో మొదలైన కార్యక్రమము. దేశపు నాలుగుదిక్కులనుండి పేరుమోసిన పాకశాస్త్రవేత్తలు వచ్చి ఒకరితో నొకరు పోటీపడుదురు. తుదకు గెలిచినవారి వంటకములతో ఒక పెద్దవిందు జరుగును. మొదటియేటి విందు రాణి ఎలిజబెత్తు ఎనుబదవ జన్మదినమునకు. ఏటేట నొక విషయము నిర్ణయించి ఆ భావము వంటకములో కనబడవలెనందురు. 2018లో వారి ప్రభుత్వవైద్యశాఖకు డెబ్బదియేండ్లు నిండిన సందర్భము. 2019లో విషయమేమనుకొంటిరి? ఆ దేశపు పాటలు! విందు జరిగినచోటు ఆబీ రోడ్డు స్టూడియో. బీటిల్సు మేళమువారు తమ పాటలను రికార్డు చేసిన తావు. పాటను వండి తెండని వంటవారి కాజ్ఞ. ఆ వంటను రుచిచూచి తీర్పుచెప్పువారిలో ఒకప్పటి గాయని. ఆ తీర్పు చెప్పుటకు ఆమెకంటె తగినవా రెవరు? 2020నుండి ఆమెయే ఆ కార్యక్రమమును నడుపు ప్రధానవ్యాఖ్యాత్రి యయ్యెను.

ఆ యేడే వడాడ్లీ కిచెన్ అను పేరుతో వంటలు మొదలుపెట్టెను. వడాడ్లీ అనగా ఆంటిగువాకు అచ్చటివారు ముద్దుగా వాడుకొను పేరు. 2023లో 'ది పెప్పర్‌పాట్ డైరీస్' అను వంటలపుస్తకము వ్రాసెను. ఆ యేడే కూతురు మికీటాతో గూడ బార్బడోసు, ఆంటిగువా దీవులలో తిరిగి, ఆ యాత్రను టెలివిజనులో చూపెను. ఆ కూతురును టెలివిజనులో చిన్ననాడే పేరుపొందినదే. సోదరీ, మీ అమ్మాయికి ఈ తేదీలు చదివి వినిపింపుడు. మేళములో పాడిన 1982కును, వంటలపోటీకి ప్రధానవ్యాఖ్యాత్రి యయిన 2020కిని నడుమ ముప్పదియెనిమి దేండ్లు గడచినవి. ఆమె ముందు పదిమందికి వండెను, పిమ్మట చూపెను. మీ అమ్మాయి జాబితాలోను ఆ వరుసయే యున్నది గనుక నాకు కొంత ధైర్యము.

ఈ మార్గమున వచ్చినది ఆమె యొక్కతెయే కాదు. న్యూయార్కులో పుట్టిన కెలిస్ అను గాయని 2003లో పాడిన 'మిల్క్‌షేక్' అను పాటచే లోకమెల్ల నెరిగిన పేరు తెచ్చుకొని, తరువాత పాత్రికేయులు, అభిమానులు తల బట్టుకొనునట్లు లె కార్డాన్ బ్లూ అను ప్రసిద్ధ వంటపాఠశాలలో విద్యార్థినిగా చేరి చదివెను. 2014లో వంటలకే ప్రత్యేకించిన టెలివిజనులో కార్యక్రమము నడిపెను. ఆ యేడే 'ఫుడ్' అను పేరుతో గానసంపుటి తెచ్చి, అందలి కొన్ని పాటలకు వంటకముల పేర్లే పెట్టెను. జమైకాలో పుట్టి లండనులో రెగే పాటలు పాడుచుండిన లీవై రూట్స్ అను నాతడు తాను కాచిన కారపుపులుసు సీసా చేతబట్టి, 2007లో ధనికులయెదుట పెట్టుబడి యడుగు ఒక టెలివిజను కార్యక్రమమునకు గిటారుతో సహా పోయి, ఆ పులుసు గూర్చి పాటపాడి, 50,000 పౌనులు సంపాదించెను. పాట విననిచో ఆ ధనికులు సీసా మూత తీసెడివారో లేదో! 2009లో ఆతడును టెలివిజనులో వంటలు చూపెను. ఐనను నాకు వీరిద్దరికంటె ఆండీ కథయే మీ జాబునకు దగ్గరగా దోచినది. ఆమె విద్యకు తల్లి వంటయిల్లు మొదలు గనుక.

"సంగీతమునకును వంటకును ఏమి సంబంధము?" అని మీరడిగితిరి. మన పెద్దలకు ఈ సందేహము కలుగలేదు సుమా. కవిత్వమును ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకము అని వంటమాటతోనే తూచిరి. రసమను మాట నాట్యశాస్త్రమునకును వంటయింటికిని సమానము. తిక్కన సోమయాజిగారి విరాటపర్వమును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఒకే రాజనగరులో భీముడు వలలుడను పేర వంటవాడు, అర్జునుడు బృహన్నల యను పేర ఆటపాటలు నేర్పు గురువు. మహావీరులకు మారువేషమునకు దొరకిన రెండువిద్య లివియే. నలుడు బాహుకుడై రథము తోలినను, దమయంతి యాతని నానవాలుపట్టిన గుర్తులలో వంటరుచి యొకటి.

ఇంతమాత్రము చదివి నేనును చిన్ననాడు మురిసితిని. ఇప్పుడు చదువునపు డొకటి దోచుచున్నది. నలపాకమందురు, భీమపాకమందురు, ఇద్దరును మగవారే, ఇద్దరును కొన్నినాళ్ళు వండినవారే. పండ్రెండేండ్ల యరణ్యవాసములో ప్రతిదినమును వచ్చిపోవు బ్రాహ్మణుల కందఱకు వడ్డించి తాను కడపట భుజించిన ద్రౌపదిపేర ఒక పాకము లేదు. ఆమెకు దక్కిన కీర్తి అక్షయపాత్రకు బోయినది! పాత్రలో అన్నము తరుగదను మాట అందఱెరుగుదురు. ఆమె తినువరకే తరుగదను నియమము ఎందఱు తలపోసిరి? ఇంటివంటకు పేరు లేదు. అదే వంట వాకిలి దాటి నలుగురిలోనికి వచ్చినంతనే పేరు, జీతము, బిరుదులు. మీ అమ్మాయి అడుగుచున్నది ఆ రెండవ వంటయిల్లని నాకు దోచుచున్నది. మీ వంటయిల్లు చాలదా యని మీరడుగుట కొమార్తెను కించపరచుటకు గాదు. మీ వంటయిల్లు మీకు చాలినదా యని మీకే యొక సందేహమున్నది.

చెవిని గూర్చి రెండుమాటలు. వంటకు నాలుక, ముక్కు, కన్ను కావలెనని యందఱును అందురు. చెవి కావలెనని యెవ్వరు ననరు. పోపులో ఆవాలు చిటపటలాడునది వానిలోని తేమ ఆవిరియై పైతొక్కను బ్రద్దలుకొట్టుటచేత. ఆ చప్పుడు మొదలై, చిక్కనై, పలుచబడునప్పటికి మినపప్పు వేయవలెను. ముందు వేసినచో ఆవాలు వేగవు, వెనుక వేసినచో చేదెక్కును. నూనెలో గారె వేసినప్పటి హోరు పిండిలోని నీరు ఆవిరియై పోవుచున్నదనుటకు గుర్తు. హోరు తగ్గినచో గారె తీయవలసిన వేళ. అన్నపుగిన్నెలో బుడబుడ మాని చిటచిట వినబడినచో అడుగున నీరు లేదని యర్థము. ఇవన్నియు కన్ను చూడకముందే చెవి చెప్పును. పదునొకండేండ్లు తాళము, శ్రుతి విన్న చెవి పొయ్యికడ చెవుడు గాదు. మీ అమ్మాయి వంట చేయునపుడు వెనుకనుండి గమనింపుడు. పోపుకడ ఆ పిల్ల గిన్నెలోనికి తొంగిచూచుచున్నదా, లేక మొగము ప్రక్కకు త్రిప్పికొని వినుచున్నదా?

ఆంటిగువా వంట ఎట్లుండునో చూతమని నేనును ఒక ఆదివారము ప్రయత్నించితిని. అచ్చటి ముఖ్యభోజనము ఫంజీ, పెప్పర్‌పాటు. పెప్పర్‌పాటనగా ఆకుకూరలు, వంకాయ, బెండకాయ, గుమ్మడికాయ, ఉప్పువేసి నిలువజేసిన మాంసము గలిపి చిక్కగా ఉడికించు పులుసువంటిది. మాంసము తిననివారు మానవచ్చును. ఫంజీ మొక్కజొన్నపిండితో చేయుదురు. తోటలలోని బానిసలకు కొలిచియిచ్చు బత్తెములో మొక్కజొన్నపిండి యుండెడిది. ఆ బత్తెపుపిండితో, ఆఫ్రికా తల్లులు చేసిన విధమున, ఆ స్త్రీలు కట్టుకొన్న ముద్దయే ఈనాడు స్వతంత్రదేశమునకు జాతీయభోజనమయినది.

విధానము: నాలుగైదు బెండకాయలను చక్రములుగా తరిగి ఉప్పునీటిలో ఉడికింపవలెను. ఒక గ్లాసు పిండికి రెండు గ్లాసులకంటె కొంచెము తక్కువ నీరు. మరిగిన నీటిలో కొంత వేరుగా తీసియుంచి, చన్నీటితో తడిపిన పిండిని మిగిలినదానిలో వేసి, సెగ తగ్గించి, తెడ్డుతో గిన్నెప్రక్కలకు అదిమి అదిమి కెలుకుచు, తీసియుంచిన నీరు కొద్దికొద్దిగా పోయవలెను. పిండి గిన్నెను వదలి ముద్దయైనపుడు దింపి, వెన్న రాచిన గిన్నెలోవేసి గుండ్రముగా త్రిప్పినచో బంతివలె వచ్చును. నాకు మొదటిమారు పిండి తడుపక వేయుటచే ఉండలు కట్టినది. రెండవమారు బాగుగా వచ్చినది. బెండకాయజిగురు పిండికి నునుపు నిచ్చును. ఇది మన సంగటిలో లేని సుగుణము. మావారు రెండుముద్దలు తిని, "ఏ దేశపు వంటయో యని భయపడితిని. ఇది మొక్కజొన్న సంగటియే గదా, గోంగూరపచ్చడి యున్నదా?" అనిరి. ఉన్నది, వేసితిని.

దీనితో మనకును ఒక చుట్టరికమున్నది. 1845నుండి 1917వరకు ట్రినిడాడు మొదలగు ఆ ప్రాంతపు దీవులకు మన దేశమునుండి కూలీలను ఒప్పందముమీద గొనిపోయిరి. వారిలో మద్రాసు రేవున ఓడ లెక్కిన తెలుగువారును, అరవవారును గలరు. నేడా దీవులవారు తమదిగా చెప్పుకొను కూరలలోను రొట్టెలలోను ఆ కూలీస్త్రీల చేతివాటము కలదు. వారిలో ఎందఱు పాడుచు ఓడ లెక్కిరో, వారి పాటలేమయ్యెనో. వంట మిగిలినది.

ఇక మీ జాబు అడుగున వ్రాసిన మాటకు వచ్చెదను. "ఎవ్వరును వలదనలేదు" అంటిరి. నిజమే. వలదన్నవారు లేరు, పాడుమన్నవారును లేరు. మా తండ్రిగారు నాకు పంచకావ్యములు చెప్పినవారు. కీర్తనలు మా మేనత్త నేర్పినది. ఆమె పదుమూడేండ్లకు కాపురమునకు బోయి, మరల మా యింటికి వచ్చినపుడెల్ల మడిగట్టుకొని పొయ్యికడనే యుండెడిది. "అత్తా, పాడవా?" అని నేనడిగినచో, "పులుసు దించి వత్తునే" అనెడిది. ఆ పులుసు నాకు తెలిసినంతవరకు ఇంకను దింపలేదు. ఆమె పాట మానినదని యెవ్వరును బాధపడలేదు. మానినట్లు ఎవ్వరికిని తెలియదు గనుక.

మీ అమ్మాయి అట్లు చేయలేదు. మీయెదుట నిలుచుండి, ఇది విడుతును, అది పట్టుదునని చెప్పినది. మీకు కోపము తెప్పించినది ఆ చెప్పుటయే కాబోలు. నాకు మాత్రము అందులోనే ఆశ కనబడుచున్నది. చెప్పి విడిచినవారు మరల చెప్పి పట్టుకొనగలరు.

ఐనను పిల్ల పక్షముననే యంతయు మాటలాడి మిమ్ము ఒంటరిని చేయను. ఆమె నొకటి అడుగవలసియున్నది: వంటమీది యిష్టముచేత వీణను విడుచుచున్నదా, వీణమీది భయముచేత వంటను పట్టుచున్నదా? కచ్చేరీలు దొరకక, తోటివారు ముందునకుబోయి, మనసు విరిగి విడుచుట వేరు. అట్లయినచో వంటలోను ఆ విరుపు వెంటవచ్చును. అచ్చటను పోటీయే, అచ్చటను తీర్పరులే. భోజనశాల వ్యాపారము సామాన్యము కాదు. అద్దె నెలనెలకు అడుగును, తినువారు ప్రతిదినము రారు. టెలివిజనులో కనబడువారు పదుగురు, కనబడగోరువారు పదివేలు. ఇది బెదరించుటకు చెప్పలేదు. బయట వండువా రెవరైనను మొదట ఎదుర్కొనవలసిన లెక్క. ఒక యేడు ఎచ్చటనైన పెద్ద వంటశాలలో జీతమునకు పనిచేయుమనుడు. ఉల్లిపాయలు తరిగి, అంట్లగిన్నెల వేడిలో నిలిచి, కాళ్ళు వాచినపిమ్మటను అదే మాట యన్నచో, మీరు అడ్డుచెప్పవలదు.

వీణ తీగెలు ఆరునెలలు ముట్టకున్నచో వ్రేళ్ళమీది కాయలు మెత్తబడును. అవి మరల గట్టిపడుటకు చాల బాధపడవలెనని మీకు తెలియనిది కాదు. పిల్ల వాయింపనన్నచో వాయింపనిండు. దానిని బలవంతము చేయవలదు.

మీ జాబు తిరిగి చూచితిని. పిల్ల గొంతును గూర్చి, గురువును గూర్చి, ఖర్చైన రూకలను గూర్చి వ్రాసితిరి. వీణను గోడకు జేర్చినదని వ్రాసితిరి. ఏ గదిలోనో, శ్రుతి యింకను ఉన్నదో లేదో, మధ్యాహ్నము అందఱును భుజించి పోయినపిమ్మట ఆ గదిలో మీరొక్కరే యుందురో లేదో వ్రాయలేదు. మరల జాబు వ్రాయునపుడు అది తెలుపుడు.